మధ్యాహ్నపు కన్ను

నాకు ముక్కు మీద కోపమని మా వీధిలో అందరికీ తెలుసు. గుండీ ఊడిందన్నా, నడుము దగ్గర వదులైందన్నా నవ్వుతూనే సరిచేసి ఇస్తాను. కుట్టు వంకర పోయిందంటే మాత్రం ఊరుకోను. ఇరవై రెండేళ్ళుగా మిషను తొక్కుతున్నాను. నా చేతిలో గుడ్డ జారొచ్చు, దారం తెగొచ్చు, కుట్టు మాత్రం వంకర పోదు. నన్ను ఆడిపోసుకునేవాళ్ళు కూడా ఆ సంగతి ఒప్పుకుంటారు. అలాంటిది ఒక సెలవు రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నన్ను ఏడేళ్ళప్పటి నుంచి పెంచిన మా పిన్ని, ఆమె కోసమే కుట్టిన తెల్లకోటును ఒళ్ళో పరుచుకుని, కుడికన్ను మూసుకుని జేబు వంక చూసి, "వంకర పోయిందే" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏదీ? ఎక్కడ?"

"ఇదిగో, జేబు అంచు. మధ్యలో లోపలికి నొక్కుకుపోలా?"

టేపు తెచ్చి పైన కొలిచాను, కింద కొలిచాను, మధ్యలో రెండు చోట్ల కొలిచాను. నూలుపోగంత తేడా లేదు. టేపు ఆమె ముక్కు కింద పెట్టి చూపించాను. "ఏమోనమ్మా, నాకలా కనపడింది" అని తేలిగ్గా అనేసి కోటు మడిచి పక్కన పెట్టింది. నేను సాయంత్రం దాకా మూతి ముడుచుకుని కూర్చున్నాను.

వేరే ఎవరైనా అయితే పట్టించుకునేదాన్ని కాదు. కానీ మా పిన్ని బతుకంతా చూపు మీదే నడిచింది. ఆమె వంకరంటే కొట్టిపారేయడానికి లేదు.

ఆసుపత్రి వెనక ఒక పాత రెండంతస్తుల భవనం ఉంది. పై అంతస్తులో మందులు కనిపెట్టే ప్రయోగశాల. ముప్పై నాలుగేళ్ళ నుంచి పిన్ని అక్కడే పని చేస్తోంది. పేరుతో ఎవరూ పిలవరు. లెక్కలక్క అంటారు. ఆమె లెక్కపెట్టేది కోడిగుడ్లలోని రక్తనాళాల్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. కిటికీలు లేని చిన్న గది. తలుపు తీయగానే తడితడిగా వెచ్చటి గాలి మొహానికి తగిలింది. గోడల పొడుగునా అరలు, అరల నిండా గుడ్లు. ఎక్కడో ఒక చిన్న ఫ్యాను గొణుగుతూ తిరుగుతోంది. అది పగలో సాయంత్రమో తెలియదు, బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో తెలియదు. పిన్ని ఒక గుడ్డు తీసి దీపం మీద పెట్టింది. గుడ్డంతా ఎర్రగా వెలిగింది. లోపల ఒక చుక్క, చుక్క చుట్టూ సన్నటి ఎర్రదారాలు. నేను ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఆ చుక్క కదిలింది. మళ్ళీ కదిలింది.

"అది గుండె" అని చెవిలో చెప్పింది పిన్ని.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు ఆ గది కలలోకి వచ్చేది. కలలో గుడ్లన్నీ వెలుగుతూ ఉండేవి. నేను వాటి మధ్య నడుస్తూ ఉండేదాన్ని, ఎంత నడిచినా అర చివర వచ్చేది కాదు. భయం వేసేది కాదు. లేవాలనిపించేది కాదు.

ఆమె చేసే పని ఏమిటో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. ఒంట్లో ఎక్కడైనా చెడ్డ గడ్డ పుట్టిందనుకోండి, అది పెరగాలంటే దానికి తిండి కావాలి. తిండి రక్తంలో వస్తుంది. అందుకని ఆ గడ్డ చుట్టుపక్కల రక్తనాళాల్ని పిలిచి, నా వైపు ఒక కొమ్మ వెయ్యండి అంటుంది. అవి పిచ్చివాటిలా కొమ్మలు వేస్తూ పోతాయి. ఆ పిలుపు వాటికి వినపడకుండా చేస్తే గడ్డ ఆకలికి మాడిపోతుంది. అలా చేసే పెప్టైడ్ కోసం వాళ్ళు వెతుకుతున్నారు. పెప్టైడ్ అంటే ఒక పెద్ద ప్రోటీన్‌లోంచి తుంచిన చిన్న ముక్క. పన్నెండు పూసలు గుచ్చిన దండ అనుకోవచ్చు. ఒక పూస మారిస్తే దాని గుణమే మారిపోతుంది. ఆ దండలు గుచ్చే పిల్ల ఒకతి ఉంది, సన్నగా పొడుగ్గా. పిన్ని ఆ పిల్లను పూసలమ్మాయి అంటుంది. మూడేళ్ళలో ఆ పిల్ల పూసలు మార్చి మార్చి పదహారు దండలు గుచ్చింది. పదహారూ దండగయ్యాయి.

గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోస్తారు. లోపలి పొర మీద, ఎర్రదారాలు పాకే చోట, మందులో ముంచిన కాగితపు చుక్క ఒకటి పెడతారు. రెండు రోజుల తర్వాత ఆ చుక్క వైపు ఎన్ని దారాలు పాకాయో లెక్కపెట్టాలి. మందు పని చేస్తే దారాలు తగ్గుతాయి. పోల్చుకోవడానికి అన్నే గుడ్లలో ఉత్త నీళ్ళలో ముంచిన చుక్కలు పెడతారు. ఫోటోలు తీసే యంత్రం ఉంది గానీ, వెంట్రుక కన్నా సన్నగా ఉండే కొసలు దానికి అందవు. పిన్ని కంటికి అందుతాయి.

ఈ పనిలో ఆమెకు రెండు నియమాలు ఉన్నాయి. నీళ్ళ గుడ్లు పొద్దున చూడాలి, మందు గుడ్లు మధ్యాహ్నం చూడాలి. పట్టకారుకు అంటిన మందు పొరపాటున కూడా నీళ్ళ గుడ్లలో పడకూడదని. ఇది అందరికీ తెలుసు. రెండోది ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు గనక. ఆమె వాడేది పాతకాలపు ఒంటికన్ను మైక్రోస్కోపు. రెండు కళ్ళది కొనిస్తామంటే, "రెండు కళ్ళతో చూస్తే రెండు గుడ్లు కనిపిస్తాయి, నాకొద్దు" అంది. పొద్దున కుడికన్నుతో చూస్తుంది. భోజనం వేళకు అది అలిసిపోతుంది కాబట్టి, తర్వాత ఎడమకన్నుతో చూస్తుంది. ఇంట్లో బియ్యం ఏరినా, సూదిలో దారం ఎక్కించినా అదే వరస.

ఇంకో మాట చెప్పాలి. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు. పన్నెండో రోజుకు వాటి పని అయిపోతుంది. పొరను రసాయనంలో ముంచి గట్టిపరిచి, కత్తిరించి, గాజుపలకల మధ్య పెట్టి దాస్తారు. పిన్ని పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడు నేను ఆ గుడ్ల గురించి ఏడిస్తే నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఊరికే పోవట్లేదే తల్లీ. ఒక్కొక్కటీ ఒక అంకె చెప్పి పోతోంది. ఆ అంకె సరిగ్గా రాసుకోవడమే మనం చెయ్యగలిగింది" అంది. ఆ మాట నాకు ఓదార్పుగా అనిపించలేదు. ఆమెకు మాత్రం అది ముప్పై నాలుగేళ్ళు సరిపోయింది.

ఆ ఏడాది పదిహేడో దండ పని చేసింది.

పని చేయడమంటే అంతా ఇంతా కాదు. నీళ్ళ గుడ్లలో ముప్పై, ముప్పై రెండు దారాలుంటే, మందు గుడ్లలో పద్దెనిమిది, పంతొమ్మిది. మూడు నెలలు, నాలుగు విడతలు చూశారు. ప్రతి విడతా అదే వరస. పెద్దసారు, అంటే ఆ ప్రయోగశాల నడిపే ఆయన, మెట్లు రెండేసి చొప్పున ఎక్కడం మొదలుపెట్టాడట. ఇంతకన్నా పెద్ద చోటు నుంచి మనుషులు వస్తున్నారని, పదిహేడును వాళ్ళు తీసుకెళ్ళి ముందు ఎలుకల్లో, ఆ తర్వాత మనుషుల్లో చూస్తారని చెప్పింది పిన్ని. వాళ్ళొచ్చే రోజుకు అందరికీ కొత్త తెల్లకోట్లు కావాలన్నారు. ఆ పని నాకు దొరికింది. మొదటిది పిన్నికే కుట్టాను. దాని జేబే వంకర అంది.

మర్నాడు పొద్దున పనికి వెళ్తూ కోటు తీసుకుని, ఎడమకన్ను మూసుకుని జేబు చూసింది.

"బానే ఉందే. మళ్ళీ కుట్టావా?"

"నేను దాన్ని ముట్టుకోలేదు."

"అదేంటి?" అని నవ్వి వెళ్ళిపోయింది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. ఒళ్ళు మండింది గానీ, మండిందని తెలిస్తే ఇంకా ఆటపట్టిస్తుందని నోరు మూసుకున్నాను.

నాలుగు రోజులకు సగం పూట సెలవు వచ్చింది. భోజనం చేసి కిటికీ దగ్గర కూర్చుంది. కోటు తీసుకుంది, కుడికన్ను మూసింది.

"లేదే, వంకర ఉంది."

నేను మిషను మీంచి లేచి, అడుగు పొడుగున్న ఇనుప స్కేలు తెచ్చి, జేబు అంచు వెంబడి ఆనించాను. "ఇప్పుడు చెప్పు. కుట్టు స్కేలు వెంట ఉందా, లేదా?"

"ఉంది" అంది పిన్ని.

"మరి?"

"స్కేలు కూడా వంకరగానే ఉంది."

నేను ముందు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. స్కేలు ఆమె చేతికిచ్చి, మూసిన కన్ను తెరిచి, తెరిచిన కన్ను మూయమన్నాను. "ఇప్పుడు?"

"తిన్నగా ఉంది."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పిన్ని కుడికన్ను మీద అరచెయ్యి పెట్టుకుని గదంతా చూసింది. కిటికీ చువ్వలు, తలుపు చట్రం, నా మిషను, చివరికి నా మొహం. "నీ ముక్కు లేదే" అంది మెల్లగా.

కళ్ళ డాక్టరమ్మ చిన్నది, నా కన్నా చిన్నది. పిన్ని కళ్ళలో చుక్కలు వేసి, నల్లపాపలు పెద్దవయ్యేదాకా బల్ల మీద కూర్చోబెట్టింది. తర్వాత గళ్ళ కాగితం ఒకటి చూపించింది. కుడికన్నుకు గళ్ళన్నీ గళ్ళలాగే ఉన్నాయి. ఎడమకన్నుకు నడిమి గళ్ళు కుంగిపోయాయి. సరిగ్గా మధ్యలో, చుక్క ఉండాల్సిన చోట, మసక మచ్చ.

"కంటి వెనక పొరలో, చూపు నిలిచే చోట, కొత్త రక్తనాళాలు పుట్టాయమ్మా. అక్కడ పుట్టకూడదు. పలచటివి కదా, కారుతున్నాయి. అందుకే పొర ఉబ్బి గీతలు వంకరగా కనిపిస్తున్నాయి" అంది డాక్టరమ్మ. "భయపడకండి. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. కొత్తవి పెరగకుండా ఆపుతుంది. నెలకొకటి చొప్పున కొన్నాళ్ళు వేసుకోవాలి."

పిన్ని పకపకా నవ్వింది. డాక్టరమ్మ బిత్తరపోయింది.

"ఏమీ లేదమ్మా. నేను ముప్పై నాలుగేళ్ళుగా చేసే పని అదే" అని, గుడ్ల సంగతంతా చెప్పింది. డాక్టరమ్మకు ముచ్చటేసినట్టుంది, చేతిలో కాగితాలు పక్కన పెట్టి విన్నది. పిన్ని అడిగింది, "మరి నాకు వేసే మందును కూడా ముందు ఇలా ఎక్కడో చూసి ఉంటారా?"

"ఏదో ఒక ప్రాణిలో చూడకుండా మనుషుల దాకా రాదమ్మా."

"అయితే ఎవరో కూర్చుని లెక్కపెట్టి ఉంటారు."

"ఉండే ఉంటారు."

పిన్ని తల ఊపింది. ఆ లెక్కపెట్టిన మనిషి ఎదురుగా నిలబడ్డట్టు కాసేపు గోడ వంక చూసింది. తర్వాత, "ఇది నాకు ఎన్నాళ్ళుగా ఉండి ఉంటుంది?" అంది.

"రెండో కన్ను బాగుంటే తెలియదమ్మా, అది సర్దేస్తుంది. మచ్చ చూస్తే మూడు నాలుగు నెలలదిలా ఉంది."

మా పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. కన్ను పోతుందని భయపడుతోందనుకుని నేను చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికి నడిచే వెళ్ళాం. పాపలు పెద్దవై ఉన్నాయి గనక ఆమెకు వీధంతా వెలుగుతో నిండిపోయి కనిపిస్తోంది. నా మోచెయ్యి పట్టుకుని నిద్రలో నడుస్తున్నట్టు నడిచింది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయంది, మనుషులు అంచుల్లేకుండా పోతున్నారంది, చెట్ల ఆకులన్నీ కలిసిపోయాయంది. అందంగా ఉందే, అని కూడా అంది. ఆమె చెబుతుంటే నాకూ వీధి అలాగే కనిపించసాగింది. ఎంతసేపు నడిచామో తెలియలేదు. మా మలుపు దాటి పోయామని ఆలస్యంగా చూసుకుని వెనక్కి తిరిగాం. అప్పుడంది.

"పొద్దున నీళ్ళవి, కుడికన్ను. మధ్యాహ్నం మందువి, ఎడమకన్ను."

నాకు అర్థం కావడానికి పది అడుగులు పట్టింది. గుడ్డులో పెట్టిన కాగితపు చుక్క ఎప్పుడూ చూపుకు నడిమధ్యనే ఉంటుంది. మచ్చ కూడా నడిమధ్యనే ఉంది. పదిహేడో దండ దారాల్ని ఆపలేదేమో. దారాలన్నీ అక్కడే ఉన్నాయేమో. మా పిన్ని కంటికి కనిపించలేదంతే.

"ఎవరికి తెలుస్తుంది పిన్నీ?" అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను, కానీ అన్నాను. "ఆ వచ్చేవాళ్ళు ఎలాగూ మళ్ళీ చూసుకుంటారుగా. తప్పయితే వాళ్ళకే తెలుస్తుంది. నువ్వు ఇప్పుడు చెబితే ముప్పై నాలుగేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. ఆ పిల్ల నీ మొహం చూడదు. ఆ ఉద్యోగం ఉంటుందనుకుంటున్నావా?"

పిన్ని నడక ఆపింది. పెద్దవైన పాపలతో నన్ను చూసింది. నా మొహం ఆమెకు ఎలా కనిపించిందో నాకు తెలియదు.

"నా కంట్లో వేసే మందును లెక్కపెట్టిన మనిషి కూడా అలాగే అనుకుని ఉంటే?" అంది.

ఆ మనిషి ఎవరో, ఏ గదిలో కూర్చుందో, కళ్ళు నొప్పెడితే ఏం చేసేదో నాకు తెలియదు. ఇంటి దాకా ఆ మనిషి కూడా మాతోపాటు నడుస్తున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున మిగతా కోట్లు ఇచ్చే వంక పెట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. ఆ పెద్ద చోటు వాళ్ళు రావడానికి ఇంకా వారం ఉంది. పెద్దసారు కొత్త కోటు తొడుక్కుని అద్దంలా మెరిసే అల్మరా తలుపులో చూసుకుంటున్నాడు. పూసలమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటోంది. పిన్ని నీళ్ళు నమల్లేదు. నిలబడే, నాలుగు మాటల్లో, ఏ కన్నుతో ఎప్పుడు చూసిందో, డాక్టరమ్మ ఏమందో చెప్పేసింది.

పెద్దసారు కళ్ళజోడు తీసి కొత్త కోటు అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"అక్కగారూ, మీరు పూటకో కన్ను మారుస్తారని నాకు ఇన్నేళ్ళలో తెలియలేదు" అన్నాడు.

"మీరు అడగలేదు సార్. నేనూ చెప్పాల్సిన సంగతి అనుకోలేదు."

"మూడు నెలలు!" అంది పూసలమ్మాయి. గొంతు పైకి లేచింది. "మూడు నెలలుగా మీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా అక్కా? సగానికి సగం తగ్గుతుంటే?"

"సంతోషపడ్డానమ్మా" అంది పిన్ని. "నీ దండ పని చేస్తోందని సంతోషపడ్డాను. అనుమానం రాలేదు."

ఆ పిల్ల మొహం తిప్పుకుంది. నాకు నోటి దాకా వచ్చింది ఒక మాట, మింగేశాను. కోపం వచ్చిన మనిషిని చూస్తే నేను గుర్తుపట్టగలను, అది మా ఇంటి సరుకే కదా.

దాచిన పొరలున్నాయి. ఆఖరి విడతవి నలభై. వాటిని మళ్ళీ లెక్కపెడదామన్నాడు పెద్దసారు. పిన్ని వెంటనే, "అంకెల మీద కాగితం అంటించి, అన్నీ కలిపెయ్యండి. ఏది ఏదో నాకు తెలియకూడదు. నాతోపాటు ఇంకో మనిషి కూడా చూడాలి" అంది.

"ఇక్కడ అందరికీ ఆశే అక్కగారూ. ఆశ లేని మనిషి ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడాయన. అంటూ అందరితోపాటు నా వైపు చూశాడు. నేను చేతిలో కోట్లతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "దారాలు చూడటం దాని పనే కదా" అంది పిన్ని.

అలా నేను ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ వెచ్చగది పక్కన కూర్చున్నాను. పూసలమ్మాయి తనే పలకల మీద కాగితాలు అంటించి, పేకముక్కల్లా కలిపి, జాబితా జేబులో పెట్టుకుంది. పిన్ని కుడికన్ను అలిసిపోకూడదని పొద్దుటి పూట మాత్రమే చూశాం, రెండు రోజులు. ఆమె ఒక మైక్రోస్కోపు దగ్గర, నేను ఒక మైక్రోస్కోపు దగ్గర. ఆమె చూసిన పలక నాకిస్తుంది. ఒకరి అంకె ఒకరికి చెప్పకుండా కాగితం మీద రాసుకుంటాం.

ఆ మైక్రోస్కోపు గొట్టంలోంచి చూస్తే ప్రపంచం అంతా ఒక గుండ్రటి వెలుగు. మధ్యలో చుక్క. చుట్టూ ఎర్రదారాలు, వాటి కొమ్మలు, కొమ్మల కొమ్మలు, చివర ఉందో లేదో తెలియనంత సన్నటి కొసలు. అవి ఎటు పోవాలో ముందే తెలిసినట్టు వంపులు తిరిగి ఉన్నాయి. లెక్కపెడుతూ పెడుతూ నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. తొమ్మిదేళ్ళప్పటి కల మళ్ళీ వచ్చినట్టుంది, కాకపోతే ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. పక్కన పిన్ని ఊపిరి వినిపిస్తోంది. తక్కువ రావాలి దేవుడా అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. కానీ ఏది నీళ్ళదో ఏది మందుదో తెలియదు కాబట్టి ఏ గుడ్డును బతిమాలుకోవాలో తెలియలేదు. ఉన్నవి ఉన్నట్టు లెక్కపెట్టాను.

రెండో రోజు చివర కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఆమెది ముప్పై ఒకటి, నాదీ ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది. ముప్పై మూడు, ముప్పై రెండు. నలభైలో ఆరింట్లో మాత్రం ఒకటి అటూ ఇటూ. పెద్దసారు, "బట్టలు కుట్టే ఆవిడకు ఇంత కన్నుందే!" అన్నాడు. ఇంకో రోజైతే ఏనుగెక్కినంత సంబరపడేదాన్ని.

పూసలమ్మాయి జేబులోంచి జాబితా తీసి, నీళ్ళవి ఒక వైపు, మందువి ఒక వైపు రాసుకుంటూ పోయింది. చివరికి కలం కింద పెట్టింది.

"నీళ్ళవి సగటున ముప్పై ఒకటి. మందువి ముప్పై." జాబితా మడిచేసింది. "పదిహేడు కూడా నీళ్ళే."

పదహారు సార్లు ఓడిపోయినప్పుడు ఆ పిల్ల ఏడ్చిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు ఏడ్చింది, బల్ల మీద తల పెట్టుకుని. పిన్ని దగ్గరికి వెళ్ళింది గానీ చెయ్యి వెయ్యలేదు. పక్కన నిలబడిందంతే. పెద్దసారు లోపలి గదిలోకి వెళ్ళి ఫోను చేశాడు. రావద్దని చెబుతున్న మాటలు మాకు వినిపించాయి. కారణం అడిగినట్టున్నారు. "మా లెక్క తప్పింది. మేమే పట్టుకున్నాం" అన్నాడు. మా పిన్ని పేరు చెప్పలేదు. అందుకు ఆయనంటే నాకు జీవితాంతం గౌరవం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పిన్ని పడుకుంది. నేను మిషను ముందు కూర్చున్నాను. ఆమె కోటుకు ఎడమచేతి అంచు మడిచి కుట్టడం మిగిలిపోయింది. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని ఆ పని పెట్టుకున్నాను. పని పెట్టుకున్నా వచ్చింది.

మొదటి ఇంజెక్షన్ రోజు పిన్ని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. కంట్లో సూదంటే ఎవరికి మాత్రం భయం ఉండదు? లోపలికి వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "ఎవరో పుణ్యాత్మురాలు, సరిగ్గానే లెక్కపెట్టి ఉంటుంది" అని తనకు తనే చెప్పుకుంది. రెండో నెలా అదే మాట అనుకుని వెళ్ళింది. మూడో నెల మేం వెళ్ళేసరికి కళ్ళ డాక్టరమ్మ గది బయట బల్ల మీద పూసలమ్మాయి కూర్చుని ఉంది. లేచి, మాట్లాడకుండా పిన్ని చేతిసంచీ తను తీసుకుంది. పిన్ని బయటికొచ్చాక, "పద్దెనిమిది మొదలుపెట్టాను అక్కా, మూడో పూస మార్చాను" అంది. క్షమించమని ఆ పిల్లా అడగలేదు, పిన్నీ అడగలేదు. ముగ్గురం కలిసి టీ తాగాం.

ఉద్యోగం పోలేదు. లెక్క పద్ధతి మాత్రం మారింది. ఇప్పుడు అక్కడ ఏ గుడ్డులో ఏముందో లెక్కపెట్టే మనిషికి చెప్పరు. ఇద్దరు విడివిడిగా లెక్కపెడతారు. మైక్రోస్కోపు గది తలుపుకు లోపలి వైపు గళ్ళ కాగితం ఒకటి అంటించారు. పొద్దున రాగానే, పెద్దసారుతో సహా అందరూ, ఒక్కో కన్నూ మూసి దాన్ని చూశాకే పనిలోకి దిగాలి. అది అంటించింది పిన్నే. అంచు తిన్నగా రావాలని నా చేత స్కేలు పట్టించింది.

నాలుగో ఇంజెక్షన్ అయ్యాక పది రోజులకు, ఒక సెలవు రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిన్ని కిటికీ దగ్గర కూర్చుంది. ఎండ మెత్తగా ఉంది. నేను కాజాలు కుడుతున్నాను. ఆమె కోటు తీసి ఒళ్ళో పరుచుకుంది. కుడికన్ను మూసింది. నేను సూది ఆపాను.

"జేబు తిన్నగా ఉందే" అంది.

"మొదటి నుంచీ తిన్నగానే ఉంది. నాలుగు నెలలైంది నేను ఆ మాట చెప్పి" అన్నాను. దెప్పినట్టే అన్నాను.

ఆమె నవ్వలేదు. కోటును కొంచెం కొంచెంగా తిప్పుతూ కుట్టు వెంబడి వేలు నడుపుకుంటూ పోయింది. మెడ, భుజం, చంక, చెయ్యి. ఎడమచేతి అంచు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ వంకర పోయిందే. రెండు వేళ్ళంత."

నాకు మళ్ళీ కోపం వచ్చేసింది. ఇంకా నయం కాలేదన్న భయమే ఆ వేషంలో వచ్చిందేమో. చర్రున లేచి, కోటు లాక్కుని, కిటికీలో వెలుగుకు పట్టాను. తెల్లగుడ్డ మీద తెల్లదారం. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తే గానీ కనపడలేదు.

వంకర ఉంది. సరిగ్గా రెండు వేళ్ళంత. కుట్టు పక్కకు జరిగి, మళ్ళీ దారిలోకి వచ్చింది. అది పలకలు లెక్కపెట్టి వచ్చిన ఆ సాయంత్రం, ఏడుస్తూ కుట్టింది.

నేను దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇరవై రెండేళ్ళలో నా మొదటి వంకర కుట్టు, మా పిన్ని ఎడమకన్నుకు దొరికింది. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

"అలాగే ఉంచెయ్యనా పిన్నీ? గుర్తుగా?"

"గుర్తేంటే? వంకరంటే వంకరే. ఊడదీసి మళ్ళీ కుట్టు."

మారుమాట్లాడకుండా చిన్న కత్తెర తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క కుట్టూ తెంపుతున్నాను. ఆమె కుడికన్ను మూసుకునే ఉంది, పెదవులు కదుపుతూ చూస్తోంది.

"పంతొమ్మిది" అంది చివర్లో.

నేనూ లెక్కపెట్టాను. పంతొమ్మిదే.